హెల్మెట్ల కింద ముఖాలు

పైనుంచి చూస్తే మనుషులు కనబడరు, హెల్మెట్లు కనబడతాయి. పసుపువి కూలీలవి, తెల్లవి ఇంజనీర్లవి, ఆకుపచ్చది సేఫ్టీ మేడమ్‌ది, నారింజ రంగుది సైగల బాబాయిది. సగం లేచిన ఆఫీసు భవనం చుట్టూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఈ రంగు చిప్పలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. టవర్ క్రేను కేబిన్‌లో కూర్చున్న ఆమెకు ఏ చిప్ప కింద ఎవరున్నారో ఇట్టే తెలుస్తుంది. మేస్త్రీకి కోపం వస్తే హెల్మెట్టు అతనికంటే ముందు నడుస్తుంది. చువ్వలు వంచే ముసలాయనకు మోకాలు నొప్పి, అందుకని అతని చిప్ప అడుగడుక్కీ ఎడమకు ఒరుగుతుంది. సైగల బాబాయిది మాత్రం కదలదు. ఆయన పని నిలబడి చేతులు ఊపడం. ఏ బరువు ఎత్తాలో, ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో ఆయన చెయ్యి చెబుతుంది, చెయ్యి కనబడని చోట వాకీటాకీ చెబుతుంది.

సైటులో అందరికీ ఆమె క్రేనక్క. ఆమెకంటే పెద్దవాడైన మేస్త్రీకి కూడా అక్కే. "నా నెత్తి మీద ఇనుము వేలాడదీసే మనిషిని మర్యాదగా పిలుచుకోవడమే ఆరోగ్యం" అంటాడతను.

ఆమె క్రేను నడపాలని కలలేమీ కనలేదు. ఇటుకలు మోయడానికి సైటుకొచ్చింది. అప్పటి క్రేను ఆపరేటరు మధ్యాహ్నం దిగడానికి బద్ధకించేవాడు. అన్నం డబ్బా పైకి తీసుకెళ్లమంటే మిగతావాళ్లకు సగం నిచ్చెనలోనే కళ్లు తిరిగేవి. ఈమెకు తిరగలేదు. ఒకరోజు అతను తన కుర్చీలో కూర్చోబెట్టి, "భయం వేయట్లేదా?" అని అడిగాడు. "పడ్డవన్నీ కిందే పడ్డాను సార్, పైన ఇంకా ఒక్కసారీ పడలేదు" అంది. ఆ జవాబు నచ్చిందో, తనకు సెలవు దొరుకుతుందని ఆశ పుట్టిందో గానీ, అతను పని నేర్పాడు. తర్వాత శిక్షణ, పరీక్ష, లైసెన్సు. ఇంట్లో ముందుగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టే భర్త, ఆమెకు పైన చలి వేయకుండా లోపల రెండో పొర వేసి ఒక చొక్కా కుట్టిచ్చాడు. భయం వేయదా అని ఊరంతా అడిగిన ప్రశ్న ఆయన కూడా అడిగాడు, కాకపోతే ఒక్కసారే అడిగాడు.

క్రేను ఊగుతుంది. ఊగకపోతేనే విరుగుతుందని శిక్షణలో చెప్పారు. చెప్పగా వినడం వేరు, ఆ ఊగే కుర్చీలో ఒంటరిగా కూర్చోవడం వేరు. మొదటి రోజు గాలి కొట్టినప్పుడు ఆమె కుర్చీ చేతులు పట్టుకుని, "ఉన్నావా?" అంది. ఎవరిని అడిగిందో ఆలోచించుకోలేదు. జవాబు రాలేదు. గాలి తగ్గింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కానీ మర్నాడు కూడా అడిగింది. ఆ మర్నాటికి, అడిగి ఊరుకోవడం మర్యాద కాదనిపించి నాలుగు కబుర్లు చెప్పింది. అలా మొదలైంది.

అంతకుముందు ఆమెకు భక్తి అంటే అమ్మ. ఆ తల్లి ప్రార్థనలో సగం కోరికలు, సగం చుట్టాల మీద చాడీలు. వినేవాడికి ఎంత విసుగో అని కూతురు లోపల్లోపలే జాలిపడేది. అమ్మ పోయాక ఆ సంగతే మర్చిపోయింది. కేబిన్‌లో తనకు తెలియకుండా మళ్లీ ఆ గొంతే ఎత్తుకుంది, కాకపోతే ఒక తేడాతో. తన కోసం ఏమీ అడిగేది కాదు. పైనుంచి తనకు కనబడేవి చెప్పేది. అవతలివాణ్ణి "పెద్దాయనా" అని పిలిచేది. ఇంత ఎత్తున కూర్చుంటే తనకే ఇన్ని కనబడుతున్నాయి, ఇంకా పైనున్నవాడికి కనబడకుండా ఉంటాయా అన్న అనుమానం ఆమెకు రాకపోలేదు. "కనబడతాయిలే. అయినా ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తే ఆ చూపు వేరు" అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఒక నియమం మాత్రం పెట్టుకుంది. కొక్కేనికి బరువు వేలాడుతున్నంతసేపూ నోరు తెరవదు. కింద కాంక్రీటు బకెట్టు నింపుతున్నప్పుడో, చువ్వల కట్టకు గొలుసులు తగిలిస్తున్నప్పుడో దొరికే ఖాళీ సమయమే కబుర్లకు. బరువు లేచిందా, పెద్దాయన కూడా ఆగాల్సిందే.

ఆధ్యాత్మిక ఆరోగ్యం అనే మాటను ఆమె మొదటిసారి చూసింది సేఫ్టీ ఆఫీసు గోడ మీద. ఒక పోస్టరు. సూర్యోదయం, కొండరాయి, రాయి మీద కళ్లు మూసుకున్న ఒక సన్నటి అమ్మాయి. కింద 'శరీరం, మనసు, ఆత్మ: మూడూ బాగుంటేనే మనిషి బాగుంటాడు' అని రాసి ఉంది. మాటలో తప్పేం లేదు. బొమ్మలోనే ఉంది చిక్కంతా. ఆ అమ్మాయికి ఆ పూట పనేమీ లేనట్టుంది, రాయి దిగితే ఇంట్లో అంట్ల గిన్నెలు లేనట్టుంది. వారానికోసారి సేఫ్టీ మేడమ్ అందర్నీ వరసగా నిలబెట్టి కళ్లు మూయించి దీర్ఘంగా ఊపిరి పీల్పించేది. ఒకసారి మేస్త్రీ నిలబడే గురక పెట్టాడు. "నాకైతే ఆత్మ వరకూ వెళ్లిందండీ, మధ్యలో లేపేశారు" అని మేడమ్‌తో వాదించాడు కూడా.

క్రేనక్క ఆ వరసలో నిలబడి బుద్ధిగా ఊపిరి పీల్చేది. తను పైన చేసే దానికీ ఆ పోస్టరుకూ ఏదో చుట్టరికం ఉందని ఆమెకు కలలో కూడా తోచలేదు.

గొడవ వాకీటాకీ వల్ల వచ్చింది. మామూలుగా దాన్ని ఆమె కిటికీ పక్కనున్న కొక్కేనికి తగిలిస్తుంది. ఆ రోజు దాని వెనక క్లిప్పు ఊడిపోయింది. ఒళ్లో పెట్టుకుంటే జారుతోందని కుర్చీ చేతికీ తొడకూ మధ్య ఇరికించింది. మాట్లాడేటప్పుడు నొక్కే బటను సరిగ్గా కుర్చీ చేతికి ఒత్తుకుంది. ఆ బటను ఒకరు నొక్కి పట్టుకుంటే మిగతా ఎవరి మాటా వినబడదు. సైటులో ప్రతి నడుముకీ వేలాడుతున్న ప్రతి పెట్టెలోనూ ఆమె గొంతే వినబడుతుంది.

బకెట్టు నింపుతున్నారు. ఆమె నీళ్లు ఒక్క గుక్క తాగింది, ఎక్కువ తాగితే నిచ్చెన దిగాలి. గొంతు సవరించుకుంది.

"విన్నావా పెద్దాయనా, మేస్త్రీ పొద్దుటినుంచీ అందర్నీ కరుస్తున్నాడు. అతని తప్పు కాదు, పన్ను. బుగ్గ పట్టుకుని తిరుగుతున్నాడు చూడు. ఆ పన్ను సంగతేదో తేల్చు, సైటు సైటంతా దాని మీద ఆధారపడి ఉంది. చువ్వల ముసలాయన మోకాలు మాట నిన్ననే చెప్పాను, ఇంకా ఒరుగుతూనే ఉన్నాడు, నీకు గుర్తుందో లేదో. ఇక ఆ తెల్ల హెల్మెట్ పిల్లాడు, కొత్తగా వచ్చిన ఇంజనీరు. నిన్న మళ్లీ చెక్క పలకల దొంతర వెనక్కి వెళ్లాడు. హెల్మెట్టు తీసి ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని బయటికొచ్చి, అందరి మీదా కేకలేశాడు. కిందవాళ్లకి కేకలే వినబడతాయి. ఆ దొంతర వెనక ఏముందో కనబడేది నీకూ నాకే. నేనైతే దిగి రాలేను, నువ్వు..."

అంతవరకూ అని, ఆమె కిందికి చూసింది. హెల్మెట్లు లేవు.

ముఖాలున్నాయి. సైటులో ఉన్న ప్రతి మనిషీ తల పైకెత్తి ఆమె వంకే చూస్తున్నాడు. ఇన్నేళ్లలో ఆమె ఆ కేబిన్ నుంచి ఒక్కసారిగా అన్ని ముఖాలు చూడలేదు. మధ్యలో సైగల బాబాయి రెండు చేతులూ బార్లా చాపి ఆపేయమన్న సైగ చేస్తున్నాడు. కొక్కేనికి బరువే లేదు, ఏం ఆపాలి? అప్పుడు ఆమె చెయ్యి తొడ పక్కకు వెళ్లింది.

*

ఆ సాయంత్రానికి ఆమెను క్రేను మీదనుంచి దింపేశారు. ఆ కొత్త తెల్ల హెల్మెట్ ఇంజనీరు తిన్నగా సేఫ్టీ ఆఫీసుకు వెళ్లి, ఆపరేటరు పైన తనలో తను మాట్లాడుకుంటోందని, అలాంటి మనిషి చేతిలో లివర్లు ఉండటం ప్రమాదమని చెప్పాడు. సేఫ్టీ మేడమ్ కేకలేయలేదు, వెటకారం చేయలేదు. "మీరు మంచి ఆపరేటరు, నాకు తెలుసు. కానీ ఒకరు ప్రశ్న లేవదీశాక, డాక్టరు చూడకుండా మిమ్మల్ని పైకి పంపితే నేనే తప్పు చేసినదాన్నవుతాను" అంది. కంపెనీ డాక్టరు సెలవు మీద ఉన్నాడు. ఆయన వచ్చేదాకా స్టోరు గదిలో కూర్చోమన్నారు. మేడమ్ ఆ మాట చెబుతున్నంతసేపూ, ఆవిడ తల వెనకాల పోస్టరు అమ్మాయి కళ్లు మూసుకునే ఉంది.

రేకుల కప్పు కింద ఆ గదిలో గ్లౌజులు, బోల్టులు, పాత కుర్చీలు, తాళ్లు. అడిగినవాళ్లకి అడిగినవి ఇవ్వడమే పని. వచ్చినవాళ్లంతా మంచిగానే మాట్లాడారు. మేస్త్రీ బుగ్గ వాపుతో నవ్వుకుంటూ వచ్చాడు. "నా పన్ను కోసం నేరుగా పైకే దరఖాస్తు పెట్టావంటగా అక్కా. సైటంతా విన్నాక ఇక తప్పించుకునేదేముంది? బాబాయి లాక్కెళ్లి పీకించేశాడు." దీన్ని మహిమ అని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. మేస్త్రీ మాత్రం అది పరువు సమస్య అన్నాడు.

ఎవరూ ఎగతాళి చేయకపోయినా ఆమెకు లోపల ఏదో గడియ పడిపోయింది. స్నానాల గదిలో ఉండగా ఎవరో తలుపు తీసినట్టు అనిపించింది ఆ రోజు. ఆ తర్వాత ఎంత గట్టిగా గడియ పెట్టుకున్నా, తలుపు వంకే చూస్తూ నీళ్లు పోసుకున్నట్టుంది. స్టోరులో ఎవరూ లేనప్పుడు "పెద్దాయనా" అని మొదలుపెట్టి చూసింది. ఆ గొంతు తనకే నాటకంలో గొంతులా వినిపించింది. నడుస్తూ ప్రయత్నించింది, వంటింట్లో ప్రయత్నించింది. మాట రాలేదు. ఉద్యోగం మాట అలా ఉంచితే, ఆమె భయం ఇప్పుడు దీని గురించి. డాక్టరు సరేనంటే కుర్చీ దొరుకుతుంది. మరి ఇది దొరుకుతుందా? ఇన్నేళ్లూ అది ఉందని కూడా ఆమెకు తెలియదు. పంటి నొప్పి వచ్చేదాకా పన్ను ఉందని మేస్త్రీకి తెలిసిందా?

నిద్ర సరిగా పట్టడం మానేసింది. నోరు చేదుగా ఉండేది. ఒక సాయంత్రం భర్త గుండీ పెట్టె చోటు మార్చాడని ఇల్లు పీకి పందిరేసింది. ఆయన మిషన్ ఆపి, నోట్లోంచి సూది తీసి, నింపాదిగా అన్నాడు: "ఇన్నాళ్లూ నువ్వు పైకెళ్లి అక్కడ సగం తిట్టేసి వచ్చేదానివన్నమాట. నాకు తెలియలేదు. ఇప్పుడు ఆ వాటా కూడా నాకే వస్తోంది."

"నేనక్కడ ఎవర్నీ తిట్టనయ్యా. చెప్పుకుంటాను, అంతే."

"ఏదో ఒకటి. అది మళ్లీ మొదలెట్టు తల్లీ. నా గుండీల్ని వదిలెయ్."

ఆమె అక్క వేరే మందు చెప్పింది. అక్క కొన్నాళ్లుగా ఒక ధ్యానం క్లాసుకు వెళ్తోంది. వెళ్లిన దగ్గర్నుంచి ఆవిడకు తలనొప్పి తగ్గింది, అల్లుడి మీద కోపం కూడా తగ్గింది. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. చల్లటి గది, మెత్తటి చాపలు, మెల్లటి సంగీతం. "మీ ఆలోచనల్ని మబ్బుల్లా అనుకోండి. వస్తుంటాయి, పోతుంటాయి. మీరు చూస్తూ ఉండండి" అని చెప్పింది నేర్పే అమ్మాయి. క్రేనక్క కళ్లు మూసుకుంది. మబ్బు వచ్చింది. మబ్బు నల్లగా ఉంటే వెనకాల గాలి ఉంటుంది. గాలి పెరిగితే బరువు దించేసి, క్రేను చేతికి గొళ్లెం తీసి, గాలి ఎటు తిప్పితే అటు తిరిగేలా వదిలెయ్యాలి. ఎవరు వదులుతారు? కొత్త ఆపరేటరుకు ఆ సంగతి గుర్తుంటుందా? క్లాసు అయ్యేసరికి ఆమెకు చెమటలు పట్టాయి.

"నీలో అశాంతి చాలా ఉందే" అంది అక్క, ముఖం కడిగిన ముత్యంలా పెట్టుకుని.

"అశాంతి కాదక్కా, గాలి."

అక్క మాత్రం చాప మీద పసిపాపలా నిద్రపోయి లేచింది. ఆవిడకు అది పడింది, దాన్ని కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? ఒకరికి సరిపోయిన చెప్పు ఇంకొకరి కాలికి ఎక్కించి, ఎక్కకపోతే కాలిదే తప్పనడం దగ్గరే పేచీ వస్తుంది. అక్క అంత దూరం వెళ్లలేదు. "సరేలే, వచ్చే వారం రాకు" అంది, తన చాప చుట్టుకుంటూ.

స్టోరుకు సైగల బాబాయి రోజూ వచ్చేవాడు. మాట తక్కువ మనిషి, చేతులు అలవాటు. ఒకరోజు మూలన పడున్న పాత స్టూలు వైపు వేలు చూపించాడు.

"దాంతో ఏం పని బాబాయ్? ఒక కాలు పొట్టి."

"చెక్క ముక్క కొట్టిస్తా. పనుంది." చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకు తెల్ల హెల్మెట్ ఇంజనీరు వచ్చాడు. ఆమె లేచి నిలబడింది. దగ్గర్నుంచి చూస్తే మరీ చిన్నవాడు. గడ్డం సరిగా గీసుకోలేదు. గ్లౌజులు కావాలన్నాడు. ఆమె తీసిచ్చింది. అతను వాటిని తీసుకుని, వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు.

ఆమె ముందు మాట్లాడింది. "సార్, మీ సంగతి అలా నలుగురికీ తెలియాల్సింది కాదు. కావాలని చేయలేదు. కానీ చేసింది నేనే."

"నేనూ మంచి బుద్ధితో వెళ్లి చెప్పలేదండీ" అన్నాడతను, గ్లౌజు వేళ్లు ఒక్కొక్కటే లాగుతూ. "మీ గురించి చెబితే, అందరూ నా గురించి మానేసి మీ గురించి మాట్లాడుకుంటారనుకున్నాను."

"మాట్లాడుకున్నారా?"

"లేదు. మేస్త్రీ పన్ను గురించి మాట్లాడుకున్నారు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది గానీ అతనే ముందు నవ్వేశాడు. నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం నవ్వుకు కావచ్చు.

"ఆ పలకల వెనక ఎవరో స్టూలు వేశారు" అన్నాడు. "ఎవర్ని అడిగినా తెలియదంటున్నారు."

ఆమె మూలన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది.

"ఒకటి అడగనా? ఆ రోజు మీరు మధ్యలో ఆపేశారు. 'నేనైతే దిగి రాలేను, నువ్వు' అన్నారు. నువ్వు... తర్వాత ఏంటి? నా కోసం ఏం అడగబోయారు?"

అతను దాని కోసమే వచ్చాడని ఆమెకు అర్థమైంది. గ్లౌజులు ఒక వంక. ఆ క్షణంలో చక్కటి మాట ఒకటి కల్పించి చెప్పడం చాలా సులువు. ఆమెకు కల్పించడం చేతకాలేదు.

"'నువ్వు చూస్తూ ఉండు' అందామనుకున్నా సార్. అంతే."

"అంతేనా?"

"అంతే. నేనెప్పుడూ అంతకంటే అడగను. ఇది చెయ్యి, అది చెయ్యి అనడం మొదలెడితే మా అమ్మలా తయారవుతాను. అయినా మీకేం చేయాలో నాకు తెలిస్తే కదా. మీరెందుకు ఏడుస్తున్నారో కూడా తెలియదు నాకు."

అతను తలుపు దగ్గరకి వెళ్లి, బయట ఎవరూ లేరని చూసుకుని, వెనక్కి వచ్చాడు. "అమ్మ పోయిందండీ. ఆవిడ పోయిన వారం రోజులకే ఇక్కడ చేరాల్సి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు. జాలిపడితే మాట వినరు."

ఆమె అయ్యో అనలేదు. కాలం అన్నీ మాన్పుతుందని చెప్పలేదు. తన తల్లి పోయినప్పుడు ఆ మాట చెప్పినవాళ్ల ముఖాలు ఆమెకు ఇంకా గుర్తున్నాయి. "ఆ గ్లౌజులు మీకు బిగుతు సార్. పెద్దవి ఇస్తానుండండి" అని లోపలికి వెళ్లి, అవసరానికి మించి కాసేపు వెతికి, ఇంకో జత తెచ్చింది. ఆ కాసేపట్లో అతను తేరుకున్నాడు.

"నా మాట వెనక్కి తీసుకుంటానని మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. పరీక్ష జరగాల్సిందేనంది."

"ఆవిడ చెప్పిందే సరి సార్. ఆ కుర్చీలో నేనున్నా అదే చేద్దును."

*

డాక్టరు సెలవు నుంచి వచ్చాడు. కళ్లు చూశాడు, చెవులు చూశాడు, ఒంటికాలి మీద నిలబెట్టాడు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి "ఊఁ" అన్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"పైన ఎవరితోనో మాట్లాడతారట."

"పెద్దాయనతోనండీ."

"ఏ పెద్దాయన?"

ఆమె వేలు పైకి చూపింది. డాక్టరు కూడా పైకి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది.

"బరువు ఎత్తేటప్పుడు మాట్లాడతారా?"

"లేదండీ. కొక్కెం ఖాళీగా ఉంటేనే. బరువు లేచాక నా నోట్లోంచి మాట రాదు. మా సైగల బాబాయిని అడగండి."

"అడిగాను. ఆయనా అదే చెప్పాడు." డాక్టరు కలం తిప్పాడు. "ఇప్పుడు జాగ్రత్తగా ఆలోచించి చెప్పండి. మీరు మాట్లాడితే, ఆయన తిరిగి మాట్లాడతాడా?"

ఈ ప్రశ్న దగ్గరే తూకం ఉందని ఆమెకు తెలిసింది. అయినా నోటికి నిజమే వచ్చింది, అదీ చాలాకాలంగా అణుచుకున్న ఫిర్యాదు గొంతుతో.

"ఇన్నేళ్లలో ఒక్క ముక్క లేదండీ!"

డాక్టరు కలం బల్ల మీద పెట్టేసి నవ్వాడు. "బతికించారు. ఎప్పుడైనా జవాబు వస్తే మాత్రం ముందు నా దగ్గరికి రండి."

"జవాబే వస్తే మీ దగ్గరికెందుకండీ? మా వంటింటి కప్పు కారుతోంది, ముందు దాని సంగతి అడగనూ?"

ఆయన కాగితం మీద రాయడం మొదలుపెట్టి, మధ్యలో తలెత్తాడు. "పోయినసారి పరీక్షలో మీ బీపీ మామూలుగా ఉంది. ఇప్పుడు పెరిగింది. నిద్ర?"

"క్రేను దిగిన దగ్గర్నుంచి సరిగా లేదండీ."

"ఆ మాటలు కూడా మానేశారా?"

"రావట్లేదండీ." ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. "ఎవరో విన్నారని తెలిశాక రావట్లేదు."

డాక్టరు మందుల చీటీ పక్కకు నెట్టాడు. దానికి మాత్ర లేదని ఆయనకు తెలుసు, ఉన్నట్టు నటించలేదు. "మీరు పనికి తగినవారని రాస్తున్నాను. బీపీ నెల తర్వాత మళ్లీ చూపించండి. ఆ రెండోది... వస్తుందేమో చూడండి. తొందరపెట్టకండి" అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. వెంటనే విపరీతంగా ఆకలేసింది. భర్తకు ఫోను చేసింది.

"ఏమయ్యా, ఫిట్టేనట."

"ఎవరు?"

"నేనేనయ్యా!"

"హమ్మయ్య." మిషన్ చప్పుడు ఆగింది. "రేపటినుంచి గుండీలు ఎక్కడ పెట్టుకున్నా నా ఇష్టమేగా?"

*

మర్నాడు నిచ్చెన ఎక్కి కేబిన్ తలుపు తీసేసరికి కిటికీ పక్కన కొత్త కొక్కెం బిగించి ఉంది. లోతుగా, చుట్టూ రబ్బరు చుట్టి. వాకీటాకీని దానికి తగిలిస్తే బటను ఏ వైపూ దేనికీ తగలదు. అంతెత్తు ఎక్కి ఈ పని చేసింది ఎవరో అడగక్కర్లేదు. ఇందాక ఎక్కే ముందు, నిచ్చెన మొదట్లో నిలబడి ఉన్న బాబాయిని ఆమె ఆగి అడిగింది.

"బాబాయ్, నిజం చెప్పు. ఆ రోజుకు ముందు ఎప్పుడైనా నా మాటలు వినబడ్డాయా?"

ఆయన నారింజ హెల్మెట్టు సర్దుకున్నాడు. "ఒకట్రెండు సార్లు. నాది పాత పెట్టె కదా, దానికి ఏది పడితే అది వినబడుతుంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఆపేస్తావుగా అమ్మాయ్." ఆయన పక్కకు చూశాడు. "నా గురించి ఏమైనా చెబుతావేమోనని చెవొగ్గి వినేవాణ్ణి. ఆ ముసలాయన మోకాలు చెప్పావు. మేస్త్రీ పన్ను చెప్పావు. నా మాట ఒక్కసారీ ఎత్తలేదు."

ఆమె తెల్లబోయింది. ఈ మనిషి విన్నాడు, నవ్వుకోలేదు, ఎవరితోనూ పంచుకోలేదు. అలిగాడు, అంతే. ఇన్ని రోజులుగా ఆమె గుండె మీద కూర్చున్న బండ ఏదో, ఆ అలక చూసి తనంతట తనే లేచి పక్కకు జరిగినట్టయింది.

ఇప్పుడు కేబిన్‌లో కూర్చుంది. కుర్చీ కాస్త ముందుకు జరిగి ఉంది, కొత్త ఆపరేటరు పొట్టివాడై ఉండాలి. దాన్ని వెనక్కి నెట్టుకుంది. లివర్లు ముట్టుకుంది. క్రేను చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. మొదటి పని కాంక్రీటు. కింద బకెట్టు పెట్టి నింపడం మొదలుపెట్టారు. ఆమెకు దొరికిన ఖాళీ సమయం ఇదే.

వాకీటాకీ వంక చూసింది. కొక్కేనికి బుద్ధిగా వేలాడుతోంది. గొంతు సవరించుకుంది. మాట రాలేదు. కింద హెల్మెట్లు తిరుగుతున్నాయి. మేస్త్రీది ఇవాళ మనిషితో పాటే నడుస్తోంది. ముసలాయనది ఎడమకు ఒరుగుతూనే ఉంది. నారింజది కదలకుండా నిలబడి ఉంది. ఇన్నేళ్లుగా ఎండలో అలాగే నిలబడి ఉంది. దాని కింద ఒక మనిషి ఉన్నాడని, అతనికీ ఎవరైనా తన మాట ఎత్తితే బాగుండునని ఉంటుందని ఆమెకెప్పుడూ తట్టలేదు.

"ముందు బాబాయి సంగతి" అంది. పైకే అంది. గొంతు తనదే. "పెద్దాయనా, ఆయన అలిగాడు. తప్పు నాదే. రోజూ నా ఎదురుగా నిలబడే మనిషిని నీకు చూపించడం మర్చిపోయాను. ఆ నారింజ రంగుది. చూశావా? కాళ్లు పీకుతుంటాయేమో, అడిగితే చెప్పడు. స్టూలు ఇంకొకరికి ఇచ్చేసి తను నిలబడే ఉన్నాడు."

అన్నాక ఆగి విన్నది. జవాబు లేదు. ఎప్పటిలాగే లేదు. ఆ లేకపోవడం కూడా పాతదే, తెలిసినదే. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. భుజాలు ఎప్పుడు దిగాయో తెలియలేదు, దిగాయి.

తెల్ల హెల్మెట్టు పలకల దొంతర వైపు నడుస్తోంది. దొంతర వెనక స్టూలు ఉంది. అతను కూర్చుని, హెల్మెట్టు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత తల పైకెత్తాడు. ఇంత ఎత్తు నుంచి ముఖం గోరంత. దాన్నిండా ఎండ పడింది. అతను ఒక చెయ్యి పైకెత్తి, కొంచెంసేపు అలాగే ఉంచి దించాడు. ఎత్తమని కాదు, దించమని కాదు, తిప్పమని కాదు. క్రేను పనిలో ఆ సైగకు అర్థమేమీ లేదు.

ఆమె కూడా చెయ్యి ఎత్తింది. అతనికి కనబడిందో లేదో.

"చూస్తున్నావుగా" అంది. "సరే, అతని వంతు అయింది. ఇక ముసలాయన మోకాలు. నేనేమో రోజూ చెబుతున్నాను, నువ్వేమో..."

కొక్కేనికి వేలాడుతున్న పెట్టె గరగరమంది. "అమ్మాయ్, బకెట్టు నిండింది. ఎత్తు."

ఆమె ఠక్కున నోరు మూసుకుని, లివరు మీద చెయ్యి వేసింది.